హాజరు వేలు

తోలు వస్తువుల శిక్షణ కేంద్రంలో అందరికంటే మర్యాదగా మాట్లాడేది గోడకున్న వేలిముద్ర యంత్రం. దానిది ఆడగొంతు. వేలు ఆనించగానే గుర్తుపడితే "హాజరు నమోదైంది, ధన్యవాదాలు" అనేది. గుర్తుపట్టకపోతే అంతే తియ్యగా "దయచేసి మళ్ళీ ప్రయత్నించండి" అనేది. ఎన్నిసార్లు ప్రయత్నించినా విసుక్కునేది కాదు, ఒప్పుకునేదీ కాదు. అందుకే శిక్షణకు వచ్చే ఆడవాళ్లు దానికి అత్తమ్మ అని పేరు పెట్టారు.

ఆ ఊరు జిల్లా కేంద్రం కావలసింది, కాలేదు. ఓదార్పుగా ప్రభుత్వం వారు ఇచ్చినవాటిలో ఈ శిక్షణ కేంద్రం ఒకటి. పాత గోడౌనుకు సున్నం కొట్టి, బల్లలు వేసి, బయట బోర్డు పెట్టారు. లోపల తోలు సంచులు చెయ్యడం నేర్పుతారు. నేర్చుకుని ధ్రువపత్రం పుచ్చుకున్నవాళ్లకి బస్టాండు మెట్ల కింద మునిసిపాలిటీ వారి చిన్న షాపు ఇస్తామన్నారు.

ఆ షాపు మీద వకుళ కన్ను పడింది. బి.కాం. చదివి, ఇరవై ఏళ్లుగా ఇల్లు దిద్దుకున్న మనిషి ఆమె. పసుపు చేత్తో ఫ్రిజ్ తలుపు తీసినవాళ్లని జీవితంలో క్షమించలేదు. నూనె వంపితే సీసా మెడ మీద బొట్టు నిలవకూడదు. ఇంట్లో ఈ గుణాన్ని చాదస్తం అనేవారు. బయట దీనికేదైనా గౌరవం ఉంటుందేమో చూద్దామని శిక్షణలో చేరింది. షాపులో ఏ మేకుకు ఏ సంచి తగిలించాలో కూడా చేరిన రోజే నిర్ణయించేసింది.

పాఠం చెప్పేది యేసోబు మాస్టారు. ఆయన పాఠం జిగురుతోనే మొదలవుతుంది. తోలు అతికించే జిగురుని అక్కడ అందరూ సొల్యూషన్ అంటారు.

"చూడండమ్మా, ఈ పనిలో చెడేదంతా తొందర వల్లే. ముందు అతికించే చోట ఉప్పు కాగితంతో గరుకు చెయ్యాల. రెండు ముక్కలకీ పల్చగా రాయాల. అంచుకి బియ్యపుగింజంత ఇవతల ఆగాల. రాసి, చేతులు ముడుచుకుని కూర్చోవాల. వేలి కణుపు ఆనిస్తే అంటగూడదు. అంటనప్పుడే అంటుద్ది."

వకుళ పక్కన కూర్చునే మస్తాన్‌బీ నోరు ఊరుకోదు. "అదేంది మాస్టారూ, అంటనప్పుడు అంటుద్దా? మా ఆయన మాట్లాడినట్టుంది."

"తడిమీద ఆనిస్తే జారుద్ది, నొక్కితే బయటికి కక్కుద్ది. ఆరినాక ఆనించావంటే ఇంక విడదియ్యడం నీ వల్లా కాదు, నా వల్లా కాదు. అందుకని ఆనించే ముందే సరి చూసుకోవాల."

"మా పెళ్లప్పుడు ఈ మాట చెప్పినోళ్లే లేరు," అంది మస్తాన్‌బీ.

"ఒకేళ అంచున బొట్టు మిగిలిందనుకో, తడిగుడ్డ పెట్టి రుద్దమాకండి, పులుముకుపోద్ది. ఆరనిచ్చి, ముడి రబ్బరు ముక్కతో రుద్దితే ఉండ గట్టి వచ్చేసుద్ది."

వకుళకి ప్రాణం లేచొచ్చింది. మరకను ఎలా తీయాలో, అంతకంటే ముఖ్యంగా ఎలా పడనివ్వకూడదో, శాస్త్రంగా చెప్పే చోటు ఒకటి లోకంలో ఉంది! మొదటి వారంలో ఆమె ఒక లోపలి జేబు చేసింది. అది అంత బాగా కుదరలేదు. అయినా కాపరానికొచ్చాక పోసిన మొదటి అట్టులాంటిది కదా, పారేయబుద్ధి కాక దాచుకుంది. తర్వాత తర్వాత ఆమె అతికించిన చోట ఎక్కడ జిగురుందో మాస్టారే భూతద్దం పెట్టి వెతుక్కోవలసి వచ్చేది.

ఒక్కటే చిక్కు. తోలు మీద పడవలసిన మరకలన్నీ వకుళ తన వేళ్ల మీదికి తెచ్చుకుంటోంది. పొర మీద పొర సొల్యూషన్, దాని మీద ఉప్పు కాగితం రాపిడి. మొదటి వారం చక్కగా ధన్యవాదాలు చెప్పిన అత్తమ్మ రెండో వారం నుంచి ఆమెను మళ్ళీ ప్రయత్నించమనడం మొదలుపెట్టింది. వేళ్లు గోక్కుంది, తోముకుంది. లాభం లేదు. పొర ఊడితే కింద గీతలు అరిగి ఉన్నాయి.

పని బాగా చేసిన వాళ్లందరికీ ఇదే గతి. ఎవరికి రోజూ హాజరు పడుతోందంటే, గోడకి చేరగిలబడి కబుర్లు చెప్పుకునేవాళ్లకి.

హాజరు లేకపోతే ధ్రువపత్రం లేదు. ధ్రువపత్రం లేకపోతే బస్టాండు మెట్ల కింద షాపు లేదు. వకుళ కొంగు సర్దుకుని సూపరింటెండెంటు ధనుంజయరావు గారి గదిలోకి వెళ్లింది.

"సార్, నేను రోజూ వస్తున్నానండీ. యంత్రం ఒప్పుకోవడం లేదు."

ధనుంజయరావు గారు కళ్లజోడు సవరించుకున్నారు. "మీరు వస్తున్నారనడానికి ఆధారం?"

"ఇప్పుడు మీ ఎదురుగా నిలబడ్డాను కదండీ."

"అది దృశ్యం. ఆధారం కాదు."

"వేలు ఇదిగోనండీ."

"మీ దగ్గర ఉందమ్మా. వ్యవస్థలో లేదు." ఆయన యంత్రం చూసుకునే ఆపరేటరు రత్నబాబును పిలిచారు. "ఏమయ్యా, ఈవిడ వేలు ఏమైంది?"

"అరిగిపోయింది సార్."

"విన్నారుగా. నిరాశ పడవలసిన అవసరం లేదు. ధ్రువపత్రాలు ఇచ్చే లోపల ఎప్పుడైనా సరే, ఒక్కసారి యంత్రం మీ ముద్రను స్వీకరించినచో, గత గైర్హాజరీలన్నింటినీ సాంకేతిక అంతరాయముగా పరిగణించి క్రమబద్ధీకరించే వెసులుబాటు ఉన్నది. ఒక్కసారి."

"స్వీకరించకపోతేనండీ?"

"మీరు రానట్టు. అప్పుడు ఈ సంభాషణ కూడా జరగనట్టే."

ధనుంజయరావు గారు చెడ్డవారు కారు. ఎవరు కష్టం చెప్పుకున్నా మనసు కరిగేది. కాకపోతే కష్టం తీర్చడం ఆయన పరిధిలో లేదు, విధానం రూపొందించడం ఉంది. అందుకని కరిగిన మనసుతో విధానం రూపొందించేవారు.

ఇంటికి వెళ్లి వకుళ వేలికి చింతపండు రాసింది. కొబ్బరినూనె పట్టించింది. కిరసనాయిల్లో ముంచి శనగపిండితో రుద్దింది. భర్త సదాశివం పేపరు దించి చూశాడు.

"ఏంటే, వేలికి నలుగు పెడుతున్నావు? ముహూర్తం ఎప్పుడు?"

"రేపు తొమ్మిదిన్నరకి. అత్తగారు ఒప్పుకుంటే."

ఒప్పుకోలేదు. కానీ ఆ ఉదయమే ధనుంజయరావు గారి కొత్త విధానం గోడ మీద వెలసింది. పేరు, పరిశుభ్ర అంగుళి విధానం.

"ప్రతి శిక్షణార్థియు తన పది వేళ్లలో ఒకదానిని హాజరు వేలుగాను, మరొకదానిని జిగురు వేలుగాను ప్రకటించవలెను. హాజరు వేలు జిగురు పనిలో ఎట్టి పరిస్థితిలోనూ పాల్గొనరాదు. మిగిలిన ఎనిమిది వేళ్లు తటస్థముగా ఉండవలెను."

అంగుళి అంటే అంగుళాలనుకుని మస్తాన్‌బీ వాళ్లాయన దగ్గర్నుంచి కొలిచే టేపు పట్టుకొచ్చింది. కాదని తెలిశాక నిరుత్సాహపడి, ఎడమచేతి చిటికెన వేలిని జిగురు వేలుగా ప్రకటించింది. "అది పుట్టి ఇంతకాలమైంది, ఒక్క పని చెయ్యలా. ఇప్పుడు చేసుద్ది."

యేసోబు మాస్టారు చెయ్యెత్తారు. "సార్, బొటనవేలు తటస్థంగా ఉంటే తోలు పట్టుకోడం కుదరదు."

ధనుంజయరావు గారు ఆలోచించారు. "బొటనవేలు పర్యవేక్షక హోదాలో పాల్గొనవచ్చును."

వకుళ హాజరు వేలు అప్పటికే అరిగిపోయినా, దాన్ని జిగురుకు దూరంగా ఉంచితే గీతలు మళ్ళీ మొలుస్తాయని రత్నబాబు ధైర్యం చెప్పాడు. దాంతో ఆమె కూడా అందరిలాగే కుడిచేతి చూపుడు వేలు పైకెత్తి పనిచేయసాగింది. హాలంతా వేళ్లెత్తిన ఆడవాళ్లే. దారిన పోయేవాళ్లు కిటికీలోంచి తొంగిచూసి, ఎవరు అవుటయ్యారని అడిగి వెళ్లేవారు.

విధానం అందరికీ గుర్తుండాలని బోర్డు రాయించారు. "హాజరు వేలును జిగురు అంటరాదు" అని కాగితం మీద రాసిచ్చారు. రాసే పెయింటరుకి రేకు చాల్లేదు. మాట ఏదైనా భావం ముఖ్యమనుకున్నాడు కాబోలు, చెయ్యి బొమ్మ వేసి, చూపుడు వేలికి ఎర్ర రంగు పూసి, కింద లావుపాటి అక్షరాలతో "అంటరాని వేలు" అని రాసి తగిలించి వెళ్లాడు.

యేసోబు మాస్టారు ఆ బోర్డు కింద నిలబడి చదివారు. భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నారేమోనని వకుళ దగ్గరికి వెళ్లింది. ఆయన నవ్వుతున్నారు. నవ్వి నవ్వి బల్ల మీద కూలబడ్డారు. ధనుంజయరావు గారు గదిలోంచి పరుగెత్తుకొచ్చారు.

"ఏమిటి మాస్టారూ?"

"ఏం లేదు సార్. మా తాత తోలు పని చేశాడని ఈ మాట ఆయనకి ఒళ్లంతా అంటగట్టారు. మా నాయన నాటికి సగం వదిలింది. తమరి హయాంలో ఒక్క వేలికి దిగింది. బాగుపడుతున్నాం సార్."

ధనుంజయరావు గారు అప్పుడు బోర్డు వంక చూశారు. ఆయన మొహంలో రంగు మారిన తీరు చూసి రత్నబాబు ఫ్యాను పెంచాడు. బోర్డును అక్కడికక్కడే గుడ్డతో కప్పారు. సాయంత్రానికల్లా పదాల పరిశీలన సంఘం కూర్చుంది. మర్నాడు గుడ్డ తీసేసరికి బోర్డు మీద "స్పర్శాతీత అంగుళి" అని ఉంది.

"ఇదేదో దేవుడి పేరల్లే ఉందక్కా," అంది మస్తాన్‌బీ వకుళ చెవిలో. "దణ్ణం పెట్టుకోమంటారా?"

అయినా స్పర్శాతీత అంగుళులకు జిగురు అంటుతూనే ఉంది. ముక్కు దురద పెడితే ఏ వేలు వెళ్లాలో విధానంలో రాయలేదు. అందుచేత హాజరు వేలికి తోలు తొడుగు వెయ్యాలని రెండో విధానం వచ్చింది. తొడుగులు ఎవరు కుట్టాలి? శిక్షణార్థులే. దేనితో అతికించాలి? సొల్యూషన్‌తోనే. తొందరపెడితే సొల్యూషన్ ఆరదు. ఆరకుండానే వేసుకున్నారు. ఆ మధ్యాహ్నం తొడుగులు వేళ్లను పట్టుకుని వదల్లేదు.

"హాజరు వేళ్లన్నీ లోపల భద్రంగా ఉన్నవి," అని ధనుంజయరావు గారు పై ఆఫీసుకు తెలియజేశారు. అది నిజం కూడా. ఎవరికీ చూసే వీల్లేదు.

తొడుగు మీదుగా వేలు ఆనిస్తే అత్తమ్మ అందరినీ సమానంగా మళ్ళీ ప్రయత్నించమంది. ఆ రోజు కేంద్రంలో హాజరు సున్నా. కబుర్లు చెప్పుకునేవాళ్లు కూడా గైర్హాజరయ్యేసరికి గొడవ పెద్దదయ్యింది.

ధనుంజయరావు గారు రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. వచ్చినప్పుడు మొహం వెలిగిపోతోంది.

"సమస్యకు మూలం కనుగొనడమైనది. వేలు కాదు. జిగురు."

సొల్యూషన్ డబ్బాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారు. అయితే శిక్షణ ఆగడానికి వీల్లేదు. కాబట్టి ఇకమీదట జిగురు పనిని భావనాత్మక పద్ధతిలో నేర్పవలెనన్నారు. డబ్బా ఉన్నట్టు భావించవలెను. మూత తీసినట్టు భావించవలెను. పల్చగా రాసినట్టు, ఆరినట్టు, అతికినట్టు భావించవలెను.

మొదట్లో ఆడవాళ్లు నవ్వారు. రెండో రోజు అలవాటైంది. మూడో రోజు లేని సొల్యూషన్ కోసం పోట్లాటలు మొదలయ్యాయి.

"మస్తాన్‌బీ, డబ్బా అంతా నువ్వే ఖాళీ చేశావు!"

"నీకు ముందే భావించుకోడానికి ఏమొచ్చింది?"

ధనుంజయరావు గారు స్వయంగా హాలంతా తిరిగి పర్యవేక్షించేవారు. "మీరు మందంగా రాసినారు," అని ఒకావిడను మందలించారు. ఆవిడ సిగ్గుపడి, ఎక్కువైన దాన్ని తుడిచినట్టు భావించింది. మస్తాన్‌బీ బల్ల దగ్గరికొచ్చి ఆయన తోలు మీద వేలు పెట్టబోయారు.

"ఇంకా ఆరలా సార్! ముట్టుకోమాకండి!" అని కేకవేసింది మస్తాన్‌బీ.

ధనుంజయరావు గారు చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నారు. వేలి కొసను ఒకసారి చూసుకున్నారు. జేబురుమాలుతో తుడుచుకుని ముందుకు వెళ్లారు.

హాజరు నిండిపోయింది. వేళ్లు అద్దాల్లా మెరిశాయి. ఎక్కడా మరక లేదు. పై ఆఫీసు నుంచి అభినందన వచ్చింది. చుట్టుపక్కల కేంద్రాల అధికారులు జీపుల్లో వచ్చి, భావిస్తున్న ఆడవాళ్ల ఫొటోలు తీసుకుని, తమ ఊళ్లలో కూడా భావించడం మొదలుపెడతామని చెప్పి వెళ్లారు.

ఒక్క వకుళకే ఇది మింగుడుపడలేదు. వంట చేసినట్టు భావించి ఏ పూటా ఆమె ఇంట్లో విస్తరి వెయ్యలేదు. బజారుకు వెళ్లి సొంతంగా ఒక సొల్యూషన్ డబ్బా కొనుక్కుంది. మధ్యాహ్నం అందరూ క్యారియర్లు విప్పుకున్నప్పుడు గోడౌను వెనక వరండాలో కూర్చుని నిజం సంచి మొదలుపెట్టింది. ఉప్పు కాగితం, పల్చటి పొర, చేతులు ముడుచుకుని ఎదురుచూడడం. మొలవబోతున్న వేలిగీతలు మళ్ళీ అరిగిపోయాయి.

యేసోబు మాస్టారు బీడీ కోసం వెనక్కి వచ్చి ఆమెను చూశారు. వెంటనే ఆకాశం వైపు తిరిగారు.

"నేనేం చూళ్లేదమ్మా," అన్నారు మబ్బులతో. "కాకపోతే ఎడంపక్క కొద్దిగా మందమైనట్టుంది."

వకుళ చూసుకుంది. అయింది. ఆరనిచ్చి ముడి రబ్బరుతో తీసేసింది.

సంచి చివరికి వచ్చేసరికి లోపలి జేబుకు తోలు చాలలేదు. మొదటి వారంలో చేసి దాచుకున్న జేబు గుర్తొచ్చింది. పెట్టి చూస్తే కొలతకు కుదిరింది. అదే లోపల అతికించేసింది. బయటి నుంచి చూస్తే ఆ సంచి ఎవరూ అతికించినట్టు లేదు, అలాగే పుట్టినట్టుంది.

కానీ అత్తమ్మ లెక్కలో వకుళ రావడం లేదు. రోజూ వచ్చి పనిచేస్తున్న ఒకే ఒక్క మనిషి, రోజూ రాని ఒకే ఒక్క మనిషి, ఇద్దరూ ఆమే అయ్యారు.

పరీక్ష రోజు వచ్చింది. పరీక్ష చేసి ధ్రువపత్రాల మీద సంతకం పెట్టడానికి పై ఆఫీసు నుంచి సంయుక్త సంచాలకులు వస్తున్నారన్నారు.

"సంచాలకులంటే సంచులు చూసేవాళ్లు గామోసు," అంది మస్తాన్‌బీ. "పోన్లే, ఈసారైనా పని తెలిసినోళ్లని పంపారు."

వచ్చింది ఒక పెద్దావిడ. ఇస్త్రీ చీర, చేతిలో విడిగా ఇంకో కళ్లజోడు. ధనుంజయరావు గారు ముందుండి బల్ల దగ్గరికి నడిపించారు.

"మేడమ్, మా పరీక్షకు ఒకే నిబంధన. వస్తువు లోపలగాని, వెలుపలగాని జిగురు మరక ఉండరాదు."

ఆవిడ మొదటి సంచిని చెవి పట్టుకుని ఎత్తింది. చెవి చేతికి వచ్చింది, సంచి బల్ల మీదే ఉంది. రెండోదాన్ని అడుగున చెయ్యి పెట్టి ఎత్తింది. అడుగు మాత్రమే వచ్చింది. మూడోదాన్ని ముట్టుకోకుండా వంగి చూసింది. అది ఆమె ఊపిరికే విడిపోయింది.

"వీటిని దేనితో అతికించారు?"

"భావనతో మేడమ్."

"మరకలు?"

"ఒక్కటి చూపించండి మేడమ్." ధనుంజయరావు గారి గొంతులో గర్వం ఉంది.

ఆవిడ నిజంగానే వెతికింది. లేవు. "మరక లేదు కనుక ఉత్తీర్ణత. సంచి లేకపోవడం గురించి నిబంధనల్లో ఏమీ లేదా?"

"అంత దూరం ఆలోచించలేదు మేడమ్."

బల్ల చివర వకుళ సంచి ఉంది. ఆవిడ ఎత్తింది. మొత్తం వచ్చింది! చుట్టూ ఉన్నవాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు. లాగింది, రాలేదు. అంచు వెంబడి గోరు పెట్టి చూసింది, ఎక్కడా బొట్టు లేదు. కళ్లజోడు మార్చుకుంది.

"ఇది ఎవరిది?"

ధనుంజయరావు గారు నసిగారు. "అది... గైర్హాజరైన అభ్యర్థినిది మేడమ్."

"ఎక్కడున్నారు?"

"ఇక్కడేనండీ," అంది వకుళ, ఆవిడ పక్కనుంచి.

"భౌతికంగా మాత్రమే మేడమ్," అన్నారు ధనుంజయరావు గారు.

ఆవిడ సంచి లోపలి జేబు తిప్పి చూసింది. అక్కడ ఆగిపోయింది. జేబు మూలన, తేనెరంగులో, ఒక మరక. బొట్టు కాదు, అద్దిన వేలు. ఒక్కో గీతా తీర్చినట్టు కనిపిస్తోంది.

వకుళ వంగి చూసింది. హాజరు పోతే పోయింది, షాపు పోతే పోయింది, తన చేతి పనిలో మరక! మొదటి వారంలో ఆరకుండానే తొందరపడి ముట్టుకున్న వేలు అది. ఇన్నాళ్లూ జేబును బయటినుంచే చూసి మురిసిపోయింది, లోపలికి తొంగిచూడలేదు.

"మరక," అన్నారు ధనుంజయరావు గారు బాధగా. "గైర్హాజరు, పైగా మరక. చేయగలిగింది లేదు."

 వెనకనుంచి మస్తాన్‌బీ గొంతు వినిపించింది.

"అక్కా, అది నీ హాజరు వేలేగా? అరిగిపోకముందుది?"

వకుళ జవాబు చెప్పేలోగా మస్తాన్‌బీ సంచి అందుకుని గోడ దగ్గరికి నడిచింది. జేబు తిరగేసి, మరకను యంత్రం అద్దానికి ఆనించి, అరచేత్తో నొక్కింది. యంత్రం కాస్త ఆలోచించింది. పచ్చదీపం వెలిగింది.

"హాజరు నమోదైంది, ధన్యవాదాలు."

మస్తాన్‌బీ ఈల వేసింది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. రత్నబాబు తెర చూసి, "ఈవిడ పేరే సార్, ఆధారం పక్కా," అన్నాడు.

"ఆగండి!" ధనుంజయరావు గారు రెండు చేతులూ ఎత్తారు. "హాజరైనది సంచి. అభ్యర్థిని కాదు."

"ముద్ర ఎవరిదండీ?" అంది సంచాలకురాలు.

"అభ్యర్థినిది."

"సంచి ఎవరు చేశారు?"

"అభ్యర్థిని."

"అయితే అభ్యర్థిని సంచి ద్వారా హాజరయ్యారు. ప్రతినిధి ద్వారా హాజరయ్యే వీలుంది కదా."

"ఉంది మేడమ్. కానీ ఆ ప్రతినిధికి మరక ఉంది. మరక ఉంటే ఉత్తీర్ణత లేదు. మరక తీసేస్తే హాజరు లేదు." ధనుంజయరావు గారు కుర్చీలో కూర్చుండిపోయారు. "ఇది పై స్థాయిలో తేలవలసిన విషయం. ఒక సంఘం వెయ్యాలి."

బస్టాండు మెట్ల కింద షాపు ఒక సంఘంలోకి జారిపోతుండడం వకుళ చూసింది. మొదటిసారి గొంతు పెంచింది.

"సార్, ముందు హాజరు పడింది కదండీ. దాంతో నా పాత గైర్హాజరీలన్నీ క్రమబద్ధీకరించండి. ఒక్కసారి చాలన్నారు మీరే. అది అయ్యాక మరక తీసేస్తాను. తీసేశాక మేడమ్ గారు పరీక్ష చేస్తారు."



"అంటే..." ధనుంజయరావు గారు నెమ్మదిగా అన్నారు, "ఒకదాని తర్వాత ఒకటి?"

"అవునండీ. ముందు రాయాలి, ఆరాలి, తర్వాత అతికించాలి. వరస తప్పితేనే మరక."

సంచాలకురాలు రత్నబాబు వైపు చూసింది. రత్నబాబు మీట నొక్కాడు. వకుళ రాని రోజులన్నీ ఒక్కొక్కటే వచ్చిన రోజులుగా మారాయి. అప్పుడు యేసోబు మాస్టారు జేబులోంచి ముడి రబ్బరు ముక్క తీసి ఆమె ముందు పెట్టారు.

వకుళ రుద్దింది. తొందరపడలేదు. గీతలు ఒకదానిలోకి ఒకటి చుట్టుకుని చిన్న ఉండ అయ్యాయి. పని రాని రోజుల వకుళ, యంత్రానికి తెలిసిన ఒకే ఒక్క వకుళ, ఉండ కట్టి బల్ల మీద పడింది.

"ఆధారం!" అని ధనుంజయరావు గారు దాని మీదికి వంగారు. ఉండను కవరులో పెట్టి, సీలు వేసి, బీరువాలో సొల్యూషన్ డబ్బాల పక్కన భద్రపరిచారు.

ధ్రువపత్రం వచ్చింది. పేరు దగ్గర "వకుళ (సంచి ద్వారా హాజరు)" అని ముద్రించారు. బస్టాండు మెట్ల కింద షాపులో ఆమె దాన్ని మొదటి మేకుకు తగిలించింది. రెండో మేకుకు ఆ సంచి. అమ్మమని ఎందరడిగినా ఇవ్వలేదు. మస్తాన్‌బీ కూడా షాపులోనే చేరింది. నిజం సొల్యూషన్ వాసన చూసి మొదటి రోజు ఆమెకి తుమ్ములొచ్చాయి.

వానలు మొదలయ్యాక కేంద్రం నుంచి రత్నబాబు వచ్చాడు. కొత్త విధానం వచ్చిందట. ఇకమీదట ప్రతి సంచి లోపలి జేబులోనూ ఒక ధ్రువీకరణ మరక తప్పనిసరి. శిక్షణార్థులకు మరక వెయ్యడం రావడం లేదు, పులుముకుపోతోంది. మరకను శుభ్రంగా వెయ్యడం నేర్పడానికి వకుళ గారిని గౌరవ శిక్షకురాలిగా పిలుచుకు రమ్మన్నారు.

వకుళకి నవ్వాగలేదు. అయినా పిలిచారు కదా అని వెళ్లింది. సంచి కూడా భుజాన వేసుకుంది. గుమ్మంలో అలవాటుగా వేలు ఆనించింది.

"దయచేసి మళ్ళీ ప్రయత్నించండి," అంది అత్తమ్మ.

ధనుంజయరావు గారు లోపలి నుంచి చేతులు జోడించారు. చేతిలో పూలదండ ఉంది. "రండి రండి అనాలని ఉందమ్మా. కానీ మీరు ఇంకా రాలేదు. పోనీ, సంచి తెచ్చారా?"

"తెచ్చానండీ."

"దాన్ని ఆనించండి."

"అందులో మరక లేదండీ. మీ ఎదురుగానే తీశాను కదా."

"అయ్యో," అన్నారు ధనుంజయరావు గారు మనస్ఫూర్తిగా. "అంత శుభ్రంగా తీసెయ్యాలా?"

కాసేపు గుమ్మానికి ఇటూ అటూ నిలబడి ఒకరి క్షేమం ఒకరు కనుక్కున్నారు. దండను ఆయన గడప మీదుగా అందించబోయి, రాని మనిషికి దండ వెయ్యవచ్చునో లేదో అని ఆగిపోయారు. వకుళ నమస్కారం పెట్టి తిరిగొచ్చేసింది.

షాపులో మస్తాన్‌బీ రెండు తోలు ముక్కలకి సొల్యూషన్ రాసి, చేతులు ముడుచుకుని కూర్చుంది.

"ఏమందక్కా అత్తమ్మ?"

"మళ్ళీ ప్రయత్నించమంది."

"మరి వెళ్తావా?"

వకుళ సంచిని మేకుకు తగిలించి, వంగి, వేలి కణుపును తోలుకు ఆనించి చూసింది. అంటలేదు.

"ఆరింది," అంది. "అంచు సరిగ్గా పట్టుకో, మస్తానూ. ఒక్కసారే ఆనించేది."